క్యాథలిక్ బాలికల హైస్కూల్లో పదో తరగతి: అక్కడే ఉంచాలా, మార్చాలా?

ఫిబ్రవరి వచ్చిందంటే హ్యూస్టన్ చుట్టుపక్కల కొన్ని తెలుగు ఇళ్లలో ఒక మెయిలుకు జవాబు వెళ్లదు. వచ్చే ఏడాది కూడా అమ్మాయి ఇదే బడిలో చదువుతుందని సంతకం చేసి, ముందుగా కొంత డబ్బు కట్టమని క్యాథలిక్ బాలికల హైస్కూలు పంపే మెయిలు అది. నిరుడు మా ఇంట్లో అది మూడు వారాలు ఆగిపోయింది. మా అమ్మాయి అప్పుడు సోఫమోర్, అంటే పదో తరగతి. సోమవారం "ఉంటానమ్మా" అనేది, గురువారానికి "నాకు ఈ బడి వద్దు" అనేది. మా వారు ఫీజుల లెక్క పట్టుకుని కూర్చుంటే, నేను నా కాన్వెంటు జ్ఞాపకాలు పట్టుకుని కూర్చున్నాను. ఆ మూడు వారాల్లో బడులు తిరిగి, పిల్లల్ని మార్చినవాళ్లనూ ఉంచినవాళ్లనూ అడిగి తెలుసుకున్నవి ఇప్పుడు అదే స్థితిలో ఉన్న తల్లిదండ్రులకు పనికొస్తాయని రాస్తున్నాను.

తేల్చుకోవాల్సింది పదిలోనే ఎందుకు

పదో తరగతి అంటే మనకు పబ్లిక్ పరీక్ష. నేను గుంటూరులో సిస్టర్ల బడిలో పది చదివిన ఏడాది మా నాన్నగారు టీవీ మీద దుప్పటి కప్పేశారు. మార్చి దాకా ఎవరూ తీయలేదు. అమెరికాలో పదిలో అలాంటి పరీక్ష ఏదీ లేదు. అక్టోబరులో పీశాట్ (కళాశాల ప్రవేశానికి రాసే శాట్‌కు సన్నాహ పరీక్ష) రాస్తారు కానీ, నేషనల్ మెరిట్ అనే జాతీయ ప్రతిభా గుర్తింపుకు లెక్కలోకి వచ్చేది 11లో రాసే పీశాట్ మాత్రమే. పదిలో రాసేది సాధన. కొత్తగా చేరిన బెరుకు తొమ్మిదిలోనే పోయింది, కళాశాల దరఖాస్తుల ఒత్తిడి ఇంకా మొదలు కాలేదు. అందుకే దీన్ని తేలిక ఏడాది అనుకుని వదిలేస్తాం.

అయితే పెద్దగా నష్టపోకుండా బడి మార్చగలిగే చివరి అవకాశం కూడా ఈ ఏడాదే. కళాశాలలకు సిఫారసు లేఖలు రాసేది ఎక్కువగా 11లో పాఠం చెప్పిన ఉపాధ్యాయులు. జూనియర్ ఏడాది, అంటే 11, మధ్యలో మారిన పిల్లను రెండు చోట్లా పూర్తిగా ఎరిగినవారు ఉండరు. పబ్లిక్ హైస్కూళ్లలో వచ్చే ఏడాది కోర్సుల ఎంపిక కూడా చలికాలం చివర్లోనే జరిగిపోతుంది. మేలో నిర్ణయించుకుని ఆగస్టులో వెళితే మిగిలిన కోర్సులే దొరుకుతాయి.

హ్యూస్టన్‌లో ఉన్న దారులు

క్యాథలిక్ బాలికల హైస్కూలు అనగానే అన్నీ ఒకటే అనుకోవద్దు. హ్యూస్టన్‌లో మూడున్నాయి, మూడింటిని నడిపేది మూడు వేర్వేరు సిస్టర్ల సంఘాల సంప్రదాయం. నగరం నడిబొడ్డున ఉన్న ఇన్‌కార్నేట్ వర్డ్ అకాడమీ 1873 నాటిది, మూడింటిలోకీ పాతది, చిన్నది. డొమినికన్ సిస్టర్లు 1906లో పెట్టిన సెయింట్ ఆగ్నెస్ అకాడమీ నైరుతి వైపు బెల్లెయిర్ బులెవార్డ్ మీద ఉంది. అబ్బాయిల బడి స్ట్రేక్ జెస్యూట్ పక్కనే ఉండడంతో నాటకాలకూ నృత్య వేడుకలకూ ఆ రెండు బడుల పిల్లలూ కలుస్తుంటారు. మూడోది 1960లో మొదలైన డషేన్ అకాడమీ. 1818లో ఫ్రాన్స్ నుంచి అమెరికాకు వచ్చి బడులు పెట్టిన రోజ్ ఫిలిప్పీన్ డషేన్ పేరు దానికి పెట్టారు. 1988లో ఆమెకు పునీత హోదా ఇచ్చారు. శిశు తరగతుల నుంచి 12 దాకా ఒకే ఆవరణలో చదువుతారు కాబట్టి పదిలో ఉన్న అమ్మాయిల్లో కొందరు పదేళ్లుగా ఒకరినొకరు ఎరిగినవాళ్లు. కొత్తగా చేరిన పిల్లకు ఇది ఆలోచించాల్సిన సంగతే.

మతం ఉండాలి, అబ్బాయిలు కూడా ఉండాలి అనుకుంటే 1956 నాటి సెయింట్ పయస్ ది టెన్త్ లాంటి బడులున్నాయి. బాలికల బడే కావాలి, ఫీజు వద్దు అంటే హ్యూస్టన్ పబ్లిక్ జిల్లాలో 2011లో మొదలైన యంగ్ విమెన్స్ కాలేజ్ ప్రిపరేటరీ అకాడమీ ఉంది. వైద్యం వైపు మొగ్గు ఉంటే 1972 నాటి డెబేకీ హైస్కూలును మనవాళ్లలో చాలామంది ఎరుగుదురు. అయితే ఇలాంటి ఎంపిక బడులు పిల్లల్ని ఎక్కువగా తొమ్మిదిలోనే తీసుకుంటాయి. పదిలోనో పదకొండులోనో ఖాళీ దొరకడం కష్టం. కాబట్టి ఆచరణలో మనలో ఎక్కువమందికి మిగిలేవి రెండు: ఉన్న క్యాథలిక్ బడి, లేదా ఇంటి దగ్గరి పబ్లిక్ హైస్కూలు. షుగర్‌ల్యాండ్‌లో ఉండేవాళ్లకు క్లెమెంట్స్, డలెస్ హైస్కూళ్ల లాంటివి, కేటీలో ఉండేవాళ్లకు సెవెన్ లేక్స్ లాంటివి. ఇకపై ఈ రెండింటి గురించే చెబుతాను.

రోజు ఎలా గడుస్తుంది

బడిని పోల్చేటప్పుడు అందరం ముందు మార్కులు చూస్తాం. నేను ఉదయం ఆరున్నర నుంచి ఏడు దాకా ఇంట్లో జరిగేది చూడమంటాను. మా అమ్మాయి గళ్ల లంగా, తెల్ల చొక్కా వేసుకుని, జుట్టు రబ్బరు బ్యాండుతో ముడి వేసుకుని పన్నెండు నిమిషాల్లో బయటపడేది. అద్దం ముందు నిలబడే పని లేదు. వీధి చివర ఉండే మరో తెలుగమ్మాయి పబ్లిక్ బడిలో అదే తరగతి. ఏ రోజు ఏం వేసుకోవాలన్నది ఆ పిల్లకు రోజూ ఒక పరీక్ష అని వాళ్లమ్మ చెప్పింది. పదిహేనేళ్ల వయసులో ఈ తేడా చిన్నది కాదు.

తరగతి గదిలో తేడా ఇంకోలా ఉంటుంది. నలుగురిలో చేయి ఎత్తి తప్పు జవాబు చెప్పడానికి మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో జంకేది. పదికి వచ్చేసరికి భౌతికశాస్త్రం ప్రయోగశాలలో తీగలు కలిపేదీ, విద్యార్థి సంఘానికి పోటీ చేసేదీ, రంగస్థలం మీద దీపాలు సర్దేదీ అన్నీ అమ్మాయిలే కావడంతో ఆ జంకు దానంతట అదే పోయింది. ఇది నా ఒక్క పిల్ల సంగతి, దీన్ని లోక నియమంగా చెప్పను. 21 దేశాల్లోని 16 లక్షల మంది విద్యార్థులకు సంబంధించిన 184 అధ్యయనాలను కలిపి 2014లో ఒక పెద్ద పరిశీలన చేశారు. అమ్మాయిల బడి అన్న ఒక్క కారణంతో చదువులో చెప్పుకోదగ్గ లాభం దానిలో కనిపించలేదు. కనుక లెక్కల్లో మార్కులు పెరుగుతాయన్న ఆశతో బాలికల బడిలో ఉంచకండి. మీ పిల్ల స్వభావానికి ఆ గది సరిపడుతోందా లేదా, అంతవరకే చూడండి.

సరిపడని వాళ్లూ ఉంటారు. రెండు వందల మంది ఉన్న తరగతిలో తగవు వస్తే తప్పుకునే చోటు ఉండదు. మా అమ్మాయి నవంబరులో ఒక స్నేహబృందం నుంచి బయటికి వచ్చేసింది. డిసెంబరు అంతా మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని గ్రంథాలయంలో కూర్చుందని మాకు జనవరిలో గాని తెలియలేదు. మార్కులు తగ్గలేదు కాబట్టి బడిలోనూ ఎవరికీ పట్టలేదు. రెండు వేల మందికి పైగా ఉండే పబ్లిక్ బడిలో అయితే ఇంకో బల్ల, ఇంకో బృందం దొరికేవి. అదే పెద్ద బడిలో, అసలు గుంపులో కలవడమే తెలియని పిల్ల నాలుగేళ్లూ ఎవరి కంటా పడకుండా గడిచిపోయే ప్రమాదమూ ఉంది.

ప్రయాణం సంగతి ఎవరూ ముందుగా లెక్కవేసుకోరు. ప్రైవేటు బడికి పసుపు బస్సు ఇంటి దగ్గరికి రాదు. సౌత్‌వెస్ట్ ఫ్రీవే మీదో, కేటీ ఫ్రీవే మీదో ఉదయం వెళ్లిరావడం అంటే ఏమిటో ఇక్కడ ఉండేవాళ్లకు చెప్పనక్కర్లేదు. టెక్సస్‌లో పదిహేనేళ్లకు నేర్చుకునే లైసెన్సు, అది తీసుకుని ఆరు నెలలు గడిస్తే పదహారుకు సొంతంగా నడిపే లైసెన్సు ఇస్తారు. అంటే సోఫమోర్ ఏడాదిలోనే చాలామంది చేతికి కారు తాళం వస్తుంది. కొత్తగా లైసెన్సు వచ్చిన పిల్లను ఆ ఫ్రీవే మీదికి పంపడానికి మీ మనసు ఒప్పుకుంటుందా? మాది ఒప్పుకోలేదు. ఇద్దరం వంతులు వేసుకుని దింపాం. రోజుకు గంటన్నర. ఉద్యోగాల వల్ల అది కుదరదనుకుంటే ఆ ఒక్క కారణం చాలు మార్చడానికి, అందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు.

పూజ, మతపాఠం

మన ఇళ్లలో గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. హిందూ పిల్ల అక్కడ ఇమడగలదా? ఇమడగలదు, కానీ ఏం జరుగుతుందో తెలిసి పంపాలి.

మతపాఠం ఐచ్ఛికం కాదు. నాలుగేళ్లూ ఉంటుంది, చాలా బడుల్లో దాని మార్కులు జీపీఏలో కలుస్తాయి. అమెరికా బిషప్పులు 2007లో ఆమోదించిన పాఠ్య ప్రణాళిక ప్రకారం సాధారణంగా పదిలో ఒక అర్ధభాగం క్రీస్తు మరణ పునరుత్థానాల గురించి, అంటే పాస్కా రహస్యం, రెండో భాగం శ్రీసభ, అంటే క్యాథలిక్ చర్చి గురించి. తొమ్మిదిలో బైబిలు కథలు చదివినంత సులువుగా ఇవి సాగవు. సిద్ధాంతం ఉంటుంది, వ్యాసాలు రాయాలి. నమ్మమని ఎవరూ అడగరు గానీ, అర్థం చేసుకుని రాయమని అడుగుతారు. ఈ తేడా మొదటి రోజే పిల్లకు చెప్పి పెడితే చాలా ఇబ్బంది తప్పుతుంది.

బడి అంతా కలిసి చేసుకునే దివ్యబలిపూజకు అందరూ హాజరు కావాలి. పూజలో పంచే అప్పం, అంటే దివ్యసత్ప్రసాదం మాత్రం క్యాథలిక్కులకే. మిగిలినవాళ్లు కూర్చుండిపోవచ్చు, లేదా రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వరుసలో వెళితే ఫాదర్ ఆశీర్వదిస్తారు. మా అమ్మాయి తొమ్మిదంతా కూర్చుండిపోయింది. పదిలో నవంబరు 1న, సకల పునీతుల పండుగ పూజలో మొదటిసారి లేచి వెళ్లిందట. ఆ సాయంత్రం కారులో, "అమ్మా, చేయి తల మీదికి ఎత్తి నెమ్మదిగా ఏదో అన్నారు. మన గుళ్లో శఠగోపం పెట్టినట్టే ఉంది" అంది. నాకు వెంటనే ఏమనాలో తోచలేదు. ఆ ఆదివారం మీనాక్షి ఆలయానికి వెళ్లినప్పుడు వేంకటేశ్వరుడి సన్నిధిలో నిజంగా శఠగోపం పెడుతుంటే నా వైపు చూసి నవ్వింది. అప్పటి నుంచి నాకు ఆ బెంగ లేదు. ఒకవేళ అది మీకు బెంగ కలిగించే సంగతి అయితే, అది కూడా గౌరవించదగ్గదే. అప్పుడు పబ్లిక్ బడి మీ ఇంటికి ప్రశాంతత ఇస్తుంది.

ధ్యానశిబిరం పదిలో సాధారణంగా ఒక్క రోజే. పిల్లలు ఎదురుచూసే కైరోస్ అనే మూడు నాలుగు రోజుల శిబిరం 11లోనో 12లోనో వస్తుంది. బడి ఉంగరం వేడుక కూడా చాలాచోట్ల ఆ సమయంలోనే. "ఉంగరం తీసుకోకుండా ఎలా వెళ్లను?" అని మా అమ్మాయి ఒకసారి ఏడ్చింది. ఆ ఏడుపును చిన్నచూపు చూడకండి, కానీ దాని ఒక్కదాని మీద నిర్ణయం నిలపకండి. సేవా గంటలు రెండు చోట్లా చేయవచ్చు. క్యాథలిక్ బడిలో అవి తప్పనిసరి, పబ్లిక్‌లో మనమే వెతుక్కోవాలి.

ర్యాంకు సంగతి జాగ్రత్తగా చూడండి

టెక్సస్‌లో ఉన్నవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఇది. 1997లో చేసిన చట్టం ప్రకారం తరగతిలో పై 10 శాతంలో నిలిచిన వారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం (యూటీ) మాత్రం దాన్ని తగ్గించుకుంటూ వచ్చింది. 2026 ఫాల్‌లో చేరేవారి నుంచి పై 5 శాతానికే ఆ హామీ. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఇప్పటికీ 10 శాతం.

ప్రైవేటు బడి పిల్లలను చట్టం తోసిపుచ్చలేదు. అయితే చాలా ప్రైవేటు బడులు ర్యాంకులు ఇవ్వవు. ర్యాంకు లేకపోతే నేరుగా ప్రవేశమూ లేదు, మొత్తం దరఖాస్తు చూసి నిర్ణయిస్తారు. మీ బడి యూటీకి ఏం పంపుతుందో కౌన్సెలరును సూటిగా అడగండి. అలాగని పబ్లిక్‌కు మారగానే 5 శాతం దొరుకుతుందనీ అనుకోవద్దు. అయిదు వందల మంది తరగతిలో అది ఇరవై అయిదు స్థానాలు. షుగర్‌ల్యాండ్‌లోనో కేటీలోనో ఆ ఇరవై అయిదు కోసం ఏడో తరగతి నుంచే పరుగెత్తుతున్న పిల్లలుంటారు. పదకొండులో వెళ్లి ఆ వరుసలో చొరబడడం దాదాపు అసాధ్యం. క్యాథలిక్ బడిలో తీసుకున్న ఆనర్స్ (మామూలు కంటే పై స్థాయి) కోర్సుకు అక్కడ ఎంత బరువు ఇస్తారో, మతపాఠాన్ని ఐచ్ఛికంగా లెక్కిస్తారో లేదో జిల్లాను బట్టి మారుతుంది. నా మాట అడిగితే, కేవలం యూటీ ర్యాంకు కోసం పది తర్వాత మార్చడం తప్పు లెక్క.

ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సులు, అంటే హైస్కూల్లోనే చదివే కళాశాల స్థాయి కోర్సుల విషయంలో పబ్లిక్ బడిదే పైచేయి. పదిలో మా అమ్మాయికి ఒక్క ఏపీ, ప్రపంచ చరిత్ర మాత్రమే తీసుకోనిచ్చారు. వీధి చివరి పిల్ల మూడు తీసుకుంది. మొదట నాకు కడుపు రగిలింది. మే నెలలో ఆ పిల్ల కళ్ల కింద నలుపు చూశాక ఆ మంట చల్లారింది. అయినా నిజంగా ఆకలి ఉన్న పిల్లలుంటారు. పదికే కాల్‌క్యులస్‌కు సిద్ధమై ఆ పై లెక్కలు కావాలనే పిల్లకు చిన్న బడిలో మెట్లు అయిపోతాయి. అలాంటి పిల్లను ఆపకండి.

భాష విషయంలో చిన్న మాట. టెక్సస్ డిప్లొమాకు ఒకే భాషలో రెండు క్రెడిట్లు కావాలి. పబ్లిక్ జిల్లాల్లో పరీక్ష రాసి క్రెడిట్ పొందే ఏర్పాటు ఉంది. ఇంట్లో తెలుగు చదవడం, రాయడం నేర్పినవాళ్లు అది తెలుగుకు వర్తిస్తుందేమో తప్పకుండా అడగండి.

మార్చేవాళ్లు చూసుకోవాల్సినవి

సంతకం చేసే ముందు ఒప్పందం పూర్తిగా చదవండి. చాలా ప్రైవేటు బడుల్లో ఒక తేదీ దాటాక పిల్ల వెళ్లిపోయినా ఏడాది ఫీజు మొత్తం కట్టాల్సి ఉంటుంది. ఆ ఫీజు ఏడాదికి ఇరవై వేల డాలర్లు దాటడం మామూలు. 2025లో టెక్సస్ చేసిన చట్టం వల్ల 2026-27 నుంచి ప్రైవేటు బడిలో చదివే పిల్లకు ఏడాదికి సుమారు 10,000 డాలర్ల ప్రభుత్వ సాయం మొదలవుతుంది. వైకల్యం ఉన్న పిల్లలకూ తక్కువ ఆదాయ కుటుంబాలకూ ముందు ఇస్తారు కాబట్టి దాన్ని నమ్ముకుని లెక్క వేయకండి.

పబ్లిక్ బడి నుంచి డిప్లొమా తీసుకోవాలంటే టెక్సస్ రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలు ఉంటాయి, ప్రైవేటు బడిలో అవి ఉండవు. 11లో చేరే పిల్లకు సాధారణంగా అమెరికా చరిత్ర పరీక్ష ఎదురవుతుంది. మిగిలినవాటి గురించి కౌన్సెలరుతో కాగితం మీద రాయించుకోండి. ఆటలు ఆడే పిల్ల అయితే ముందే కోచ్‌ను కలవండి. ఆట కోసమే బడి మారిందని తేలితే పబ్లిక్ బడుల క్రీడా సంస్థ యూఐఎల్ నిబంధనల ప్రకారం కనీసం ఒక ఏడాది వార్సిటీ జట్టులో, అంటే బడి ప్రధాన జట్టులో, ఆడనివ్వరు.

ఎవరిని ఉంచాలి, ఎవరిని మార్చాలి

నేను ఒక్క ప్రశ్న పెట్టుకోమంటాను. ఆ బడిలో మీ అమ్మాయి కష్టం చెప్పుకోగల పెద్దమనిషి ఒక్కరైనా ఉన్నారా? ఉపాధ్యాయురాలు కావచ్చు, సిస్టర్ కావచ్చు, నాటకం నేర్పే ఆమె కావచ్చు. ఉంటే, స్నేహితుల గొడవ ఎంత పెద్దదైనా, ఒక ఏడాది ఆగి చూడడం మేలు. ఆ వయసు గొడవలు వేసవి సెలవుల్లో సగం కరిగిపోతాయి. రెండేళ్లు గడిచినా అలాంటివారు ఒక్కరూ లేకపోతే, చిన్న బడికి మీరు కడుతున్న డబ్బు దేనికో ఆ పని జరగడం లేదు. మార్చండి. "ఇంత ఫీజు కట్టాం కదా" అన్న మాట పిల్ల ముందు అనకండి. నేను ఒకసారి అన్నాను. ఆ తర్వాత వారం రోజులు మా అమ్మాయి నిజం చెప్పడం మానేసి నాకు నచ్చే జవాబులే చెప్పింది.

మార్చాలనుకుంటే ముందు రెండు బడుల్లోనూ మధ్యాహ్న భోజనం వేళ చూడండి. ప్రైవేటు బడులు సందర్శకులను రానిస్తాయి. పబ్లిక్ బడిలో అక్కడ చదివే పిల్లనే అడగాలి: ఎక్కడ కూర్చుంటావు, ఎవరితో, ఎంతసేపు? తరగతుల జాబితా కంటే ఆ జవాబు ఎక్కువ చెబుతుంది.

మా ఇంట్లో నిర్ణయం జీవశాస్త్రం టీచరు వల్ల తేలింది. ఫిబ్రవరిలో ఆమె నాకు ఫోను చేసి, మీ అమ్మాయి గ్రంథాలయంలో ఒంటరిగా తింటోందని గమనించాను, రోజూ నా గదిలో తినమని చెప్పాను, మీకు అభ్యంతరమా అని అడిగారు. ఆ రాత్రి మెయిలుకు జవాబు పంపాం. వీధి చివరి పిల్ల వాళ్లమ్మ ఈ మధ్య మా ఇంటికి వచ్చింది. చిన్న కూతురు ఎనిమిదో తరగతి, క్యాథలిక్ బడికి దరఖాస్తు చేయాలా అని అడిగింది. పిల్లను వెంట తీసుకురమ్మని చెప్పాను. వచ్చే శనివారం మా అమ్మాయితో మాట్లాడుకుంటారు, మేమిద్దరం వేరే గదిలో ఉంటాం.